పొరల అంచున తప్పిన లెక్క

ఊర్మిళకు యూనివర్సిటీలో పరిశోధనకు సీటు వచ్చిన రోజున వాళ్ల నాన్న అచ్చయ్య వర్క్‌షాపులో అందరికీ పేడాలు పంచాడు. రాయపూర్‌లో గూడ్సు వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపులో ఆయన ఫిట్టరు. ఇరవయ్యో ఏట పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. కాలనీ క్వార్టర్లోనే కాపురం పెట్టాడు, అక్కడే భార్యను పోగొట్టుకున్నాడు, అక్కడే ఒక్కగానొక్క కూతుర్ని పెంచి ఎమ్మెస్సీ దాకా చదివించాడు. "మీ బిటియా ఏం చదువుతోంది?" అని తోటివాళ్లు అడిగితే "వెలుతురు మీద" అనేవాడు. అంతకు మించి ఆయనకు తెలియదు. అది 2003వ సంవత్సరం.

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఊర్మిళ చేసేది వెలుతురు లెక్కే. రెండు రకాల సెమీకండక్టర్ పదార్థాలను ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా పేరుస్తారు. ఒక్కో పొర మందం కొన్ని పదుల అణువులంత. అంత పల్చటి పొరలో చిక్కుకున్న ఎలక్ట్రాను ఇష్టమొచ్చినట్టు తిరగలేదు. దానికి కొన్ని మెట్లే ఉంటాయి. వెలుతురు పడినప్పుడు, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎక్కడానికి సరిపోయే రంగును మాత్రమే ఆ పొర మింగుతుంది, మిగతాదాన్ని పోనిస్తుంది. పొర మందం మారితే మింగే రంగూ మారుతుంది. ఏ మందానికి ఏ రంగు మింగుతుంది, ఎంత మేరకు మింగుతుంది అన్నది ముందుగానే కాగితం మీద కట్టి చెప్పాలి. ఆ పొరలను ఆమె ఎన్నడూ కంటితో చూడలేదు. వాటిని తయారుచేసే యంత్రం ఆ యూనివర్సిటీలో లేదు. ఎక్కడో దూరదేశాల్లో చేసి, కొలిచి, పత్రికల్లో అచ్చువేసిన అంకెలతో ఈమె కట్టిన అంకెలు కలవాలి. కలిస్తే సిద్ధాంతం నిలబడినట్టు.

ఆమెకు గైడు దుర్గారావు గారు. కాకినాడ మనిషి. రాయపూర్ వచ్చి పాతికేళ్లు దాటినా హిందీని గోదావరి యాసలోనే మాట్లాడేవారు. ఎనభై ఆరులో ఆయన రాసిన వ్యాసమొకటి విదేశీ పత్రికలో వచ్చింది. పొరల్లో వెలుతురు శోషణను లెక్కకట్టే పద్ధతి అది. దానికోసం ఆయన స్వయంగా రాసుకున్న కంప్యూటర్ ప్రోగ్రాము, రెండంచులా చిల్లులున్న పొడవాటి కాగితాల మీద అచ్చై, బీరువాలో మడతలుగా ఉండేది. ముగ్గురు విద్యార్థులు దాని మీదే డాక్టరేట్లు తెచ్చుకున్నారు. నాలుగోవాడు యోగేష్, మహాసముంద్ వైపు రైతుబిడ్డ. ఊర్మిళ ఐదోది.

"ప్రోగ్రాముని మాత్రం కదపొద్దమ్మాయ్. అంకెలు ఇవ్వు, అంకెలు తీసుకో. అది నా పెద్దకొడుకు," అనేవారాయన నవ్వుతూ. ఆయనకు పిల్లలు లేరు. ఊళ్లోనే, మోవాలో సొంత ఇల్లు. నెలకో ఆదివారం విద్యార్థులను పిలిపించి భార్య సరోజిని గారి చేత పెసరట్లు వేయించేవారు. పక్కనే కూర్చుని, తింటున్నవాళ్లను ఆపి మరీ, అంచుల దగ్గర ఎలక్ట్రాను అల ఎలా వంగుతుందో అల్లప్పచ్చడి వేలితో పళ్లెంలో గీసి చూపించేవారు. ఊర్మిళకు ఆ నాలుగేళ్లూ పండగలా గడిచాయి. ఆయన పేరూ తన పేరూ కలిసి ఆ విదేశీ పత్రికలోనే రెండు వ్యాసాలు అచ్చయ్యాయి. ఆ పత్రికను అచ్చయ్య వర్క్‌షాపుకు పట్టుకెళ్లి, కూతురి పేరున్న చోట గ్రీజు వేలిముద్ర వేసి తెచ్చాడు.

2007 వానల్లో డిపార్ట్‌మెంటు పైకప్పు కారి పాత కంప్యూటరు పాడైపోయింది. కొత్తదాంట్లో ఆ ప్రోగ్రాము నడవలేదు. దుర్గారావు గారు అప్పుడు ఏదో సెమినారుకని నెలరోజులు ఊళ్లో లేరు. ఊర్మిళకు థీసిస్‌లో ఆఖరి చాప్టరు మిగిలింది, అన్నిటికన్నా పల్చటి పొరల మీద. పాతదాన్ని చూసి ఎక్కించడం కన్నా సమీకరణాల నుంచి తనే కొత్తగా రాసుకోవడం మేలనిపించింది. పది రోజుల్లో రాసేసింది. మందపాటి పొరలకు పాత అంకెలకూ కొత్త అంకెలకూ తేడా వెంట్రుకవాసి. పల్చటి పొరలకు మాత్రం, కంప్యూటరు పాడయ్యేలోగా పాతదానితో తీసిన నాలుగైదు అంకెలతో కొత్తవి ఎక్కడా పొసగలేదు.

తప్పు తనదే అనుకుంది. మూడు వారాలు తన ప్రోగ్రామును వరస వరసా వెతికింది. చివరికి కంప్యూటరు పక్కనపెట్టి, ఒకే ఒక్క పొరకు చేత్తో లెక్కకట్టింది. చేతిలెక్క కొత్తదానితో కలిసింది. అప్పుడు బీరువాలోంచి పాత కాగితాలు తీసి నేలమీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని చదువుకుంటూ పోయింది. నలభై ఒకటో మడతలో దొరికింది.

ఎలక్ట్రాను ఒక పదార్థంలో ఒక బరువున్నట్టు నడుస్తుంది, పక్కదాంట్లోకి వెళ్లగానే ఇంకో బరువున్నట్టు నడుస్తుంది. ఒకచోట అరవై ఏడు పాళ్లనుకుంటే రెండోచోట తొంభై రెండు. రెండు పొరలు కలిసే అంచు దగ్గర అటు అల వాలునూ ఇటు అల వాలునూ కలిపేటప్పుడు, దేని బరువుతో దాన్ని భాగించి ఆ తరవాతే కలపాలి. పాత ప్రోగ్రాములో ఆ భాగహారం లేదు. వాలుకు వాలు కలిపేశారు.

మరి ఇన్నేళ్లూ ప్రయోగాలతో ఎలా కలిసింది? ఆ జవాబూ అక్కడే ఉంది. ఎలక్ట్రానును పొర దాటనివ్వకుండా ఆపే గోడ ఎంత ఎత్తన్నది మొదటి మడతలోనే చేత్తో వేసి ఉంచిన ఒక అంకె. ఏ పుస్తకంలోనూ లేని అంకె. ఆ గోడను కావలసినంత పెంచితే మందపాటి పొరల్లో తప్పు మరుగున పడిపోతుంది. పల్చటివాటి దగ్గర ఎంత పెంచినా దాగదు. అంతవరకూ అంత పల్చటి పొరల జోలికి ఎవరూ పోలేదు.

దుర్గారావు గారు తిరిగొచ్చిన రోజే ఆమె కాగితాలు పట్టుకుని గదిలోకి వెళ్లింది.

"సార్, అంచు దగ్గర బరువుతో భాగించలేదండి."

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని కాగితాలను చాలాసేపు చూశారు.

"ఎవరికైనా చూపించావా?"

"లేదండి. ముందు మీకే."

"మంచిపని చేశావు. ఆ పల్చటి పొరల చాప్టరు తీసెయ్. తక్కిన నాలుగూ చాలు. డిసెంబరులో సబ్మిట్ చేసేద్దువుగాని."

"తక్కిన నాలుగూ అదే ప్రోగ్రాముతో చేశాను సార్."

"వాటిల్లో తేడా ఎంతట? నూటికి ఒకటో రెండో. కొలిచేవాడి పొరపాటే అంతకన్నా ఎక్కువుంటుంది."

"తేడా తక్కువ రావడానికి ఆ గోడ అంకె కారణం కదండీ. ఆ అంకె ఎక్కడిది సార్?"

ఆయన ముఖం మాడిపోయింది. నాలుగేళ్లలో ఆమె మీద ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఇప్పుడూ పెంచలేదు. కాగితాలు ఆమె వైపు తోసి, "వెళ్లమ్మా, పనుంది," అన్నారు.

రెండు రోజుల తరవాత సాయంత్రం అచ్చయ్య డ్యూటీ దిగి వచ్చి, పెరట్లో కుళాయి దగ్గర రంపపుపొట్టుతో చేతుల గ్రీజు తోముకుంటూ కూతుర్ని పిలిచాడు.

"ఏటే అమ్మీ, రెండ్రోజుల్నించి సరిగ్గా కూడు తింతన్నావు కావు. ఏటైనాది?"

"సారు లెక్కలో తప్పుంది నాన్నా. దానిమీదే కట్టాను కాబట్టి నాదీ తప్పే."

"సారుకి సెప్పినావా?"

"చెప్పాను. ఆ ముక్క తీసేసి మిగతాది ఇచ్చెయ్యమన్నారు."

అచ్చయ్య చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. "మా కాడ యాక్సిల్ మీద యెంట్రుకంత పగులు కనబడితే బండిని నడవనీకుండా సిక్ లైన్ల ఎట్టేస్తాం. ఎట్టకపోతే ఏటవుద్ది? ఒక్కోపాలి ఏటీ అవ్వదు, పదేళ్లు తిరిగేస్తాది. గానీ బండి బాగున్నాదని నాను పాస్ రాయలేను గదా. నాకు కనబడిపోనాది."

ఆమెకు గుండె తేలికపడింది. కానీ మర్నాడు పొద్దున్న టిఫిన్ డబ్బా సైకిలుకు తగిలిస్తూ ఆయనే మాట మార్చాడు. "ఒలే, పోనీ సారు సెప్పినట్టే ఇచ్చెయ్యరాదూ? ఆల్లు పెద్దోల్లు, ఆల్లకి తెల్దా? డాక్టరైపోయినాక నీ ఇష్టం, అప్పుడు దిద్దుకో." అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ తరవాత మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆమె తన పేరున్న రెండు వ్యాసాలకు సవరణ రాసి పత్రికకు పంపింది. రచయితలిద్దరి సంతకాలూ ఉంటేనే అచ్చువేస్తామని జవాబొచ్చింది. ఆ కాగితం దుర్గారావు గారి బల్లమీద పెడితే, చదివి, మడిచి, సొరుగులో వేసుకున్నారు. తిరిగి ఇవ్వలేదు.

ఒకరోజు యోగేష్ వచ్చి క్యాంటీన్లో ఎదురుగా కూర్చున్నాడు. అతనికి డాక్టరేట్ వచ్చి ఏడాది కాలేదు. ధమ్‌తరీ వైపు ఒక కాలేజీలో కొత్తగా ఉద్యోగం. వాళ్లిద్దరూ హిందీలోనే మాట్లాడుకునేవాళ్లు.

"ఊర్మిళా జీ, మా ఖాన్‌దాన్‌లో పదో తరగతి దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకింకా నౌకరీ పక్కా కాలేదు. నా థీసిస్ మీదికి మాట వస్తే నేనేం కావాలి?"

"మీ థీసిస్ గురించి నేనెవరికీ ఏమీ చెప్పలేదు యోగేష్ భాయ్."

"ఇప్పటిదాకా చెప్పలేదు," అన్నాడతను. చల్లారిన టీ అలాగే వదిలేసి లేచాడు.

2008 మార్చిలో పరిశోధకుల ప్రగతి చూసే కమిటీ కూర్చుంది. ఊర్మిళ పేరెదుట దుర్గారావు గారు "పని తృప్తికరంగా లేదు" అని రాశారు. ఇంకో గైడును చూసుకోమన్నారు కమిటీవాళ్లు. ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లు ఆ యూనివర్సిటీలో ఇంకొకరు లేరు. గడువు ముగిసింది, రిజిస్ట్రేషన్ రద్దయింది. రద్దయినట్టు కాగితం అందిన మధ్యాహ్నం ఆమె తన కుర్చీ మీది దిండూ, స్టీలు గ్లాసూ, రెండు నోటుపుస్తకాలూ సంచిలో వేసుకుని బస్సెక్కింది. క్వార్టరుకు వచ్చి వంట మొదలుపెట్టింది. అన్నం మాడిపోయింది. తండ్రీకూతుళ్లు మాడిన అన్నమే తిన్నారు.

మరుసటేడు ఆమె ఊరి శివారు బీర్‌గావ్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో చేరింది. ఉర్లా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల పిల్లల బడి అది. పొద్దున్న తుడిచిన బల్ల మీద రెండో పీరియడుకే ఇనుప ఫ్యాక్టరీల నల్లటి నుసి వేలితో పేరు రాయగలిగినంత పేరుకునేది. పిల్లలకు పటకంలోంచి వెలుతురు ఏడు రంగులుగా విడిపోవడం చెప్పేది, దర్పణాల లెక్కలు చేయించేది. అక్కడితో ఆగిపోయేది. నోటుపుస్తకాలు ట్రంకుపెట్టె అడుగున పడేసింది. పెళ్లి సంబంధాలు రెండొచ్చాయి, రెండూ ఆమే వద్దంది. చాప్టరు తీసేసి ఇచ్చేసి ఉంటే ఏమయ్యేది అన్న ఆలోచన బస్సులోనో, దిద్దుతున్న పేపర్ల మధ్యనో వచ్చి కూర్చునేది. తీసేసి ఉండాల్సింది అనిపించిన రోజులు చాలానే ఉన్నాయి.

2012లో అచ్చయ్య రిటైరై, క్వార్టరు ఖాళీచేసి, కూతురితో పాటు బీర్‌గావ్‌లో రెండు గదుల పోర్షనులోకి మారాడు. ఆయనకేమి తోచిందో, ఇరుగుపొరుగుకు తన కూతురు డాక్టరని చెప్పుకున్నాడు. ఒక సాయంత్రం వీధిచివర ఉండే బిలాస్‌పూర్ మనిషి, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి, "డాక్టర్ దీదీ, కాస్త చూడండి," అంది. ఊర్మిళ ఆమెను తీసుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, అక్కడ చూపించి, తిరిగొచ్చి తండ్రి మీద విరుచుకుపడింది. "నేను ఏ డాక్టర్నీ కాను. ఇంకెవరితోనైనా అన్నావంటే చూడు." అచ్చయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. దగ్గు తెర తెరలుగా వస్తూనే ఉంది. ఆ నుసిలో నాలుగేళ్లు దగ్గి, 2016 చలికాలంలో పోయాడు. ఆ సాయంత్రం అలా అరవకుండా ఉండాల్సిందని ఊర్మిళ కర్మకాండల పదకొండు రోజులూ అనుకుంది, ఆ తరవాతా అనుకుంది.

2020 నవంబరులో తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"అమ్మా ఊర్మిళా, నేనమ్మా, సరోజినిని. మోవా నుంచి. మీ సారుకి ఒంట్లో బాగుండటం లేదు. నిన్నొకసారి రమ్మంటున్నారు."

రెండు వారాలు ఊర్మిళ వెళ్లలేదు. మూడో ఆదివారం వెళ్లింది. దుర్గారావు గారి రెండు కిడ్నీలూ పాడైపోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. సూదులు గుచ్చిగుచ్చి ఎడమ చేతిమీద రక్తనాళం తాడులా ఉబ్బింది. ముఖం నల్లబడి, మనిషి సగమయ్యారు. మెదడు మాత్రం చురుగ్గానే ఉంది. సరోజిని గారు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే, దిండు కింద నుంచి ఒక కవరు తీసి ఇచ్చారు.

ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం. ఏదో విదేశీ యూనివర్సిటీ నుంచి. తేదీ 1989. మీ వ్యాసంలో పొరల అంచు దగ్గర వాలును బరువుతో భాగించడం మరిచినట్టున్నారు, ఒకసారి సరిచూసుకోగలరు అని మర్యాదగా నాలుగు వాక్యాలు.

"నీకు కనబడింది నాకు అప్పుడే చెప్పారమ్మా," అన్నారాయన.

ఊర్మిళ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఉందప్పుడు. అది అయ్యాక దిద్దుదామనుకున్నాను. ఆ తరవాత ఒకడి థీసిస్, తరవాత ఇంకొకడిది. నాదొక్కటీ దిద్దితే చాలదు కదా, అందరివీ దిద్దాలి. గోడ ఎత్తు సర్దితే సరిపోతోంది కదా అని ఊరుకున్నాను."

"మరి నేను వచ్చి చెప్పినప్పుడు?"

"భయమేసింది."

"నా పని తృప్తికరంగా లేదని రాశారండీ మీరు."

"రాశాను."

ఆమె కవరు మంచం మీద పెట్టి లేచింది. కాఫీ గ్లాసులతో ఎదురొచ్చిన సరోజిని గారు కంగారుగా గేటు దాకా వెంట వచ్చారు. "ఏమన్నారమ్మా? ఏవైనా బాధపెట్టారా?" ఆవిడకేమీ తెలియదని ఆ ముఖం చూస్తేనే తెలిసిపోయింది. "ఏమీ లేదండీ. పాత లెక్కేదో అడిగారు," అని ఊర్మిళ ఆటో ఎక్కింది.

ఇన్నేళ్లూ ఆమె ఆయన్ని ఒకలా అనుకుంటూ వచ్చింది. కన్నబిడ్డలా పెంచుకున్న ప్రోగ్రాములో తప్పుందంటే మనసు ఒప్పుకోక మొండికేసిన పెద్దమనిషి అనుకుంది. అందుకే ఎంత కోపమున్నా మూలన కొంచెం జాలి ఉండేది. ఆ జాలితోనే పన్నెండేళ్లు నెట్టుకొచ్చింది. ఇప్పుడు అదీ పోయింది. ఆయన తన కాగితాలు చాలాసేపు చూసిన ఆ రోజు తప్పును వెతకడం లేదు, ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నారంతే. వంటగదిలో నిలబడి ఆమె అరచేత్తో గోడను కొట్టింది. మణికట్టు వాచి, పెన్ను పట్టుకోవడానికి వారం పట్టింది.

అయినా మళ్లీ వెళ్లింది. ఇద్దరి సంతకాలూ కావాలని పత్రికవాళ్లు అప్పట్లో అన్న మాట ఆమె మరిచిపోలేదు. తప్పు లెక్కల కింద తన పేరు ఇంకా అచ్చులో ఉంది. ఆయన ఉన్నన్నాళ్లే దాన్ని దిద్దడం కుదురుతుంది.

"నా రెండు వ్యాసాలూ, మీ మొదటి వ్యాసమూ, మూడింటినీ దిద్దాలి. మీకు ఎనభై తొమ్మిదిలోనే తెలుసన్న మాట కూడా అందులో రాయాలి," అంది కూర్చోకుండానే.

"మొదటిది రాద్దాం. రెండోది వద్దమ్మా. సరోజిని చదువుతుంది."

"అది లేకపోతే నేను రానండి."

ఆయన కళ్లు మూసుకున్నారు. "సరే," అన్నారు.

డయాలసిస్ లేని రోజుల్లో, బడి అయ్యాక ఆమె బస్సు మారి మోవా వెళ్లేది. కరోనా వల్ల బడి ఎలాగూ సగం ఫోన్లలోనే నడుస్తోంది. ట్రంకుపెట్టెలోంచి నోటుపుస్తకాలు తీసింది. పన్నెండేళ్లలో మరిచిపోయినది చాలా ఉంది. మొదటి వారం తను రాసుకున్నదే తనకు అర్థం కాలేదు. ఆయన పడుకునే చెప్పేవారు, ఈమె కట్టేది. చెప్పడంలో ఆయన అప్పటికీ ఇప్పటికీ దిట్టే. ఒక్కోసారి ఏదో చిక్కుముడి విడగానే ఇద్దరికీ ఒకేసారి ఉత్సాహం వచ్చేది. మరుక్షణం ఊర్మిళకు అన్నీ గుర్తొచ్చి తలవంచి మళ్లీ లెక్కలో పడేది. ఒకసారి ఆయన "నన్ను క్షమించగలవా?" అని అడిగారు. "తరవాతి పొర మందం చెప్పండి సార్," అంది ఆమె.

మార్చి నెలాఖరుకు మూడు పేజీల సవరణ తయారైంది. "ఈ లోపాన్ని మొదటి వ్యాస రచయిత దృష్టికి 1989లోనే తీసుకువచ్చారు" అన్న వాక్యం చివర్లో ఉంది. ఆయన పడుకునే సంతకం చేశారు. అక్షరాలు వంకరపోయాయి. అదే సాయంత్రం ఆమె దాన్ని పత్రికకు పంపింది.

ఏప్రిల్లో రాయపూర్ ఊరంతా మూతబడింది. ఆసుపత్రుల్లో చోటు లేదు. డయాలసిస్‌కు వెళ్లక తప్పని దుర్గారావు గారికి అక్కడే కరోనా అంటుకుంది. ఐదో రోజున పోయారు. శవాన్ని ఇంటికివ్వలేదు. శ్మశానంలో వరసలో పెట్టారని, తనను దూరంగా వ్యానులోనే కూర్చోబెట్టారని, ఏ మూట ఆయనదో కూడా తెలియలేదని సరోజిని గారు ఫోనులో చెప్పారు. ఆవిడ ఏడుస్తూనే, "చివరి మూణ్ణెల్లూ నువ్వొచ్చావమ్మా. ఆయన ప్రాణం కుదుటపడింది. ఎంత మంచి మనసమ్మా నీది," అన్నారు.

డిసెంబరులో సవరణ అచ్చయింది. పత్రికవాళ్లు మూడు పేజీలను అరపేజీకి కుదించారు. చివరి వాక్యం లేదు. అడిగితే, అది శాస్త్ర విషయం కాదు కనుక తీసేశామన్నారు. రచయితల పేర్లలో దుర్గారావు గారి పక్కన చనిపోయినట్టు చిన్న గుర్తు, ఊర్మిళ పేరు కింద బీర్‌గావ్ చిరునామా. ఆమె ఒక కాపీ తీసుకుని యూనివర్సిటీకి వెళ్లి, రిజిస్ట్రేషన్ మళ్లీ తెరవడానికి దారేమైనా ఉందా అని అడిగింది. కొత్త గుమస్తా కంప్యూటరులో వెతికి, 2003 నాటి పేర్లేవీ ఇందులోకి ఎక్కించలేదన్నాడు.

2022 ఏప్రిల్లో యోగేష్ బడికి వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. స్టాఫ్ రూములో ఇంకెవరూ లేరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు ప్రిన్సిపాల్ ప్రమోషన్ రావాలి. ఎవడో మీ అరపేజీ జతచేసి ఫిర్యాదు పెట్టాడు. నా థీసిస్ మీద విచారణ. ఫైలు నయా రాయపూర్ సెక్రటేరియట్‌లో కూర్చుంది. తృప్తిగా ఉందా?"

"మీకు కీడు చేద్దామని రాయలేదు భాయ్. నా పేరున్నవే దిద్దుకున్నాను."

"సారు వ్యాసమూ దిద్దారుగా. మా అందరి పనీ దాని మీదే కదా. పోయే ప్రాణంతో ఉన్న మనిషి చేత సంతకం పెట్టించుకున్నారు. మీ డాక్టరేటు పోయిందని ఆయన పేరు పాడుచేశారు."

"ఆయనకు ముందే తెలుసు. ఎనభై తొమ్మిది నుంచీ తెలుసు."

"అబద్ధం. సారు అలాంటి మనిషి కాదు. రుజువుందా?"

రుజువు ఉంది. మోవా ఇంట్లో, దుర్గారావు గారి పుస్తకాల్లో ఎక్కడో ఆ కవరు ఉంది. దాన్ని తెచ్చుకోవాలంటే సరోజిని గారిని అడగాలి, అదేమిటో చెప్పాలి. బతికున్న ఆయనతో ఆ మాట రాయాల్సిందేనని పట్టుబట్టినప్పుడు ఆవిడ గురించి ఆమె ఆలోచించలేదు. ఇప్పుడు ఆవిడను అడగడానికి మనసు రాలేదు.

"లేదు," అంది.

యోగేష్ ఆమెను తేరిపార చూసి, బయటికి నడిచాడు. ఊర్మిళ వరండాలోకి వెంట వెళ్లింది. "మీ థీసిస్‌లో ఆ ప్రోగ్రాముతో కట్టిన రెండు చాప్టర్లూ మళ్లీ కట్టి చూద్దాం. చాలావరకు నిలబడతాయి. వేసవి సెలవుల్లో రండి, ఇద్దరం కూర్చుంటే నెలలో అయిపోతుంది." అతను వెనక్కి తిరగలేదు.

సెలవులొచ్చాయి, అతను రాలేదు. అతని థీసిస్ కాపీ ఆమె దగ్గర పాతదొకటి ఉంది. మే నెల ఎండలో, కిటికీలకు తడిగుడ్డలు కట్టుకుని, ఆమె ఒక్కతే ఆ రెండు చాప్టర్లూ మొదటి నుంచి కట్టింది. అతను తేల్చిన మూడు విషయాల్లో రెండు నిలబడ్డాయి. మూడోది నిలబడలేదు. నిలబడనిదాన్ని నిలబడలేదనే రాసింది. తేడాలన్నీ పట్టికలుగా వేసి, విచారణలో చూపించుకోవడానికి పనికొస్తుందని, కింద తన సంతకం పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో అతని కాలేజీకి పంపింది.

అందినట్టు కార్డు తిరిగొచ్చింది, దాని మీద యోగేష్ సంతకం ఉంది. ఉత్తరం రాలేదు, ఫోనూ రాలేదు. ఆ ఏడాది చివర్లో ప్రిన్సిపాల్ పదవి ఇంకొకరికి వెళ్లిందని ఆ కాలేజీలో చదివిన పాత విద్యార్థిని ఒకామె చెప్పింది. ఆ కాగితాలు అతను విచారణలో ఇచ్చాడో, నిలబడని మూడోదాన్ని చూసి చించేశాడో ఊర్మిళకు తెలియదు. రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు.